పడవ మోటారు మరమ్మతు – ఒక ధర్మ విచారము

పాడైన వస్తువును పారవేయవలయునా, బాగుచేసికొనవలయునా అను ప్రశ్న పైకి ఇంటి ఖర్చు లెక్కవలె కనిపించును. కొత్తదాని వెల ఎంత, మరమ్మతు కూలి ఎంత అని తూచి, తక్కువ ఉన్న వైపునకు మొగ్గుట లోకరీతి. అయితే ఈ లెక్కలోనికి రాని సంగతులు కొన్ని కలవు. ఆ వస్తువును ఎవరో తమ చేతులతో చేసిరి. వాడుకొన్నవాడు ఎన్నో ఏండ్లు దాని సేవను పొందెను. పారవేసిన తరువాత అది మట్టిలోనో నీటిలోనో ఎక్కడనో ఒకచోట పడియుండక తప్పదు. శ్రమను పూజతో సమముగా చూచిన సంప్రదాయమున పెరిగినవారికి ఇది రూపాయల లెక్కతో తీరు ప్రశ్న కాజాలదు. పాత వస్తువును కాపాడుట ఎంతవరకు ధర్మము? ఎక్కడ నుండి అది వట్టి మమకారమగును?

ఈ విచారమునకు ఒక చిన్న యంత్రము మిక్కిలి అనువైనది. అది పడవ వెనుక పలకకు తగిలించి నడుపు మోటారు. ఔట్‌బోర్డ్ మోటారని దానికి పేరు. బావి గట్టున ఆయిలింజను త్రిప్పిన రైతులకు దాని స్వభావము పూర్తిగా కొత్తది కాదు. పైన ఇంజను, నడుమ నిలువు గొట్టము, క్రింద నీటిలో గేరుబాక్సు, దాని చివర ప్రొపెల్లరు. ఒక మనిషి ఎత్తి భుజము మీద పెట్టుకొని పోదగినంత బరువు. పడవకు రంధ్రము చేయనక్కరలేదు. రెండు మరలు బిగించిన చాలును.

అమెరికాలో కామెరాన్ వాటర్‌మన్ అను నతడు 1907లో ఇట్టి మోటారునకు పేటెంటు పొందెను. నార్వేలో 1877లో పుట్టి, బాల్యముననే అమెరికా చేరిన ఓలే ఎవిన్‌రూడ్ మిల్వాకీ నగరమున 1909 నుండి తన మోటారులను అమ్మసాగెను. అతని తొలి మోటారు శక్తి ఒకటిన్నర అశ్వశక్తి. బరువు 62 పౌన్లు. ఎండకాలమున సరస్సు మీద పడవ తెడ్లు వేయుచు ఐస్‌క్రీమ్ తెచ్చుచుండగా అది దారిలోనే కరిగిపోయినదనియు, ఆ విసుగు నుండి మోటారు ఆలోచన పుట్టినదనియు ఒక కథ ప్రచారములో నున్నది. కథ నిజమైనను కాకున్నను, మోటారు మాత్రము నిలిచినది.

ఇంగ్లండులో ఈ జాతికి చెందిన ప్రసిద్ధమైన యంత్రము బ్రిటిష్ సీగల్. 1931లో వుల్వర్‌హాంప్టన్‌లో పుట్టి, తరువాత దక్షిణ తీరమున పూల్ రేవునకు తరలి, 1990ల మధ్యలో దాని తయారీ ఆగిపోయినది. రెండవ ప్రపంచ యుద్ధ కాలమున నౌకాదళమునకై పెద్ద సంఖ్యలో ఈ మోటారులు తయారైనవి. తయారీ ఆగి మూడు దశాబ్దములు కావచ్చుచున్నను, ఆ దేశపు రేవులలోను నదులలోను అరువది, డెబ్బది ఏండ్ల వయసుగల సీగల్ మోటారులు నేటికిని పొగ విడుచుచు పనిచేయుచున్నవి. కారణము గొప్ప శాస్త్ర రహస్య మేమియు కాదు. అందులో దాచినది ఏదియు లేదు.

మూత లేదు, ఇంజను మొత్తము కంటికి కనిపించును. పైన ఇత్తడి టాంకు, ప్రక్కన కార్బురేటరు, నడినెత్తిన ఫ్లైవీలు. ఒకే సిలిండరు. చిన్న మోటారులలో దాని పరిమాణము 64 ఘన సెంటీమీటర్లు, పెద్దవానిలో 102. బ్యాటరీ లేదు. ఫ్లైవీలులో అమర్చిన అయస్కాంతములు ఒక తీగచుట్ట ముందునుండి తిరుగగా పుట్టిన విద్యుత్తు స్పార్కు ప్లగ్గునకు చేరును. దీనినే మాగ్నెటో అందురు. నడుపువాడు ముడివేసిన త్రాటిని ఫ్లైవీలు గాడిలో చుట్టి, వెనుక ఎవరును లేరని చూచుకొని, గట్టిగా లాగవలెను. చూచుకొననిచో త్రాటి కొన వెనుకనున్నవాని ముఖమును చెళ్ళున తాకును.

దీనిని బాగుచేయువాడు మొదట అడుగవలసిన ప్రశ్నలు మూడే. నిప్పురవ్వ వచ్చుచున్నదా? ఇంధనము చేరుచున్నదా? సిలిండరులో ఒత్తిడి నిలుచుచున్నదా? ఈ మూడును ఉన్నచో ఇంజను నడువక తప్పదు. నడువలేదన్నచో వీనిలో ఏదో ఒకటి లేదు. ఇందులో అదృష్టమునకు గాని, మంత్రమునకు గాని తావు లేదు. అయినను ఎంతో మంది మొదటి ప్రశ్న అడుగకమునుపే త్రాటిని యాభైసార్లు లాగి, చేతులు బొబ్బలెక్కి, యంత్రమును తిట్టుదురు. కోపము వలన ప్లగ్గునకు నిప్పు రాదు.

నిప్పురవ్వను చూచుట సులభము. ప్లగ్గును విప్పి, తీగ తగిలించి, దాని లోహపు అంచును సిలిండరు లోహమునకు ఆనించి, పెట్రోలు ఆవిరి వచ్చు రంధ్రమునకు దూరముగా ఉంచి త్రాటిని లాగవలెను. నీలిరంగు రవ్వ కనిపించిన మేలు. లేనిచో చాలవరకు తప్పు ఫ్లైవీలు క్రింద నుండు పాయింట్లది. శీతకాలమంతయు తేమలో ఊరకయున్న మోటారులో ఆ రెండు చిన్న లోహపు ముఖముల మీద కంటికి ఆనని మకిలి చేరును. సన్నని గరుకు కాగితముతో తుడిచి, పిదప శుభ్రమైన కాగితపు ముక్కను నడుమ పెట్టి లాగి, రెండింటి ఎడమును అంగుళములో 1000కి 20 వంతులకు, అనగా ఇంచుమించు అర మిల్లీమీటరుకు సరిచేసిన చాలును. ఏండ్ల తరబడి చచ్చినదనుకొన్న మోటారు ఇంత మాత్రముననే లేచి కూర్చుండుట కలదు.

ఇంధనము సంగతి వేరు. ఇది టూ స్ట్రోక్ ఇంజను. పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమము మొదట క్రాంక్‌కేసులోనికి వచ్చి, అచట నుండి సిలిండరులోనికి పోవును. కనుక లోపలి బేరింగులకు నూనె వేరుగా పోయు వీలు లేదు. పెట్రోలులో కలిపిన నూనెయే వానికి ఆధారము. నూనె తక్కువైన పిస్టను పట్టివేయును. ఎక్కువైన పొగ కమ్మి ప్లగ్గు మసిబారును. పాత సీగల్ మోటారులకు పది పాళ్ళ పెట్రోలునకు ఒక పాలు నూనె కలుపవలెనని తయారుదారులు చెప్పిరి. తరువాతి వానికి ఇరువదియైదు పాళ్ళకు ఒకటి. పని ముగిసిన తరువాత టాంకు కుళాయి కట్టి, కార్బురేటరులో మిగిలినది కాలిపోవువరకు ఇంజనును నడుపవలెను. అట్లు చేయనిచో పెట్రోలు ఆవిరియై, నూనె జిగురువలె మిగిలి, వెంట్రుకవాసి రంధ్రముగల జెట్టును మూసివేయును.

ఆ జెట్టును శుభ్రము చేయుటలో ఒక పరీక్ష కలదు. చేతికందిన ఇనుప తీగను దూర్చినచో రంధ్రము తెరచుకొనును, ఇంజను నడుచును, పని ముగిసినట్లు తోచును. కాని ఇత్తడి మెత్తనిది. తీగ దానిని గీచి వెడల్పు చేయును. ఆ తరువాత ఇంధనము ఎక్కువగా పారును, ఎందుకో ఎవరికిని తెలియదు. నోటితో ఊది, కిరసనాయిలులో నానబెట్టి, మరల ఊదుట నెమ్మదైన మార్గము. ఈ రెండు మార్గముల నడుమ భేదమును మోటారు యజమాని ఎన్నడును చూడడు. చేయువానికి మాత్రమే తెలియును.

మరమ్మతు పనిలో ధర్మము నిలిచియుండు చోటు ఇదే. కమ్మరి కొట్టిన కొడవలి మంచిదో చెడ్డదో కోతనాడు తెలిసిపోవును. మరమ్మతు అట్టిది కాదు. అది మూతల క్రింద, ప్యాకింగుల నడుమ, బిగించిన బోల్టు లోపల జరుగును. అచట జరిగిన నిర్లక్ష్యము బయటపడు నాటికి పడవ ఒడ్డునకు దూరముగా నుండవచ్చును, దానిలో పిల్లలుండవచ్చును, గాలి తిరిగియుండవచ్చును. అందుచేతనే అనుభవజ్ఞులైన పడవవారు మోటారు ఎంత మంచిదైనను తెడ్లు లేకుండ బయలుదేరరు. మరమ్మతు చేసినవాడు ఆ తెడ్లను సాకుగా చెప్పుకొనరాదు.

12వ శతాబ్దపు శరణులలో అంబిగర చౌడయ్య పడవ నడిపి జీవించినవాడు. శరణులు పెక్కండ్రు తమ వచనములను ఇష్టదైవపు పేరుతో ముగింపగా, ఆయన తన పేరునే, తన వృత్తితో సహా, ముద్రగా ఉంచెను. అది గర్వమని కొందరికి తోచవచ్చును. కాని ఆవలి ఒడ్డునకు మనుష్యులను చేర్చుటయే పనిగా గలవాడు ‘ఈ మాట నాది, దీనికి జవాబుదారిని నేను’ అని పడవవానిగానే నిలుచుటలో, వృత్తి పట్ల ఉండదగిన బాధ్యత కనిపించును. కాయకమనగా పని చేయుట మాత్రమే అని చెప్పిన చాలదు, దొంగలును శ్రమపడుదురు. చూచువాడు లేనిచోటను అదే చేయి అదే శ్రద్ధతో కదలుట కాయకమునకు గుర్తు. జెట్టు రంధ్రము ముందు కూర్చున్న మెకానికునకు ఈ సంగతి ఉపన్యాసము అక్కరలేకయే తెలియును.

యంత్రముతో వ్యవహరించుటలో మరియొక కష్టము, ఏది దోషము, ఏది స్వభావము అని గుర్తించుట. సీగల్ మోటారును కొత్తగా కొన్నవాడు గేరుబాక్సు మర విప్పి చూచినప్పుడు మజ్జిగవంటి తెల్లని ద్రవము కారును. నూనెలో నీరు చేరినదని అతడు కంగారు పడును. నిజమే, నీరు చేరినది. కాని ఆ గేరుబాక్సులో నేటి మోటారులకువలె గట్టి సీళ్ళు లేవు. 140 రకపు చిక్కని నూనె పోసి, కొంత నీరు చేరుననియే ఎంచి, అట్లైనను పనిచేయునట్లు తయారుదారులు దానిని నిర్మించిరి. నూనెను తరచుగా మార్చుచుండుటయే దానికి చేయవలసిన సేవ. ఇది తెలియక దానిని సంస్కరింపబూని చెడగొట్టుకొన్నవారు కలరు. కొందరు తల్లిదండ్రులు పిల్లల విషయమునను ఇట్లే చేయుదురు. ఆ ప్రస్తావన ఇచట విస్తరింప నక్కరలేదు.

ఇక ప్రొపెల్లరు. నీటిలో రాయి గాని, మునిగిన దుంగ గాని తగిలినప్పుడు తిరుగుచున్న ప్రొపెల్లరు ఒక్కసారిగా ఆగును. పైన ఇంజను ఆగదు. ఆ దెబ్బ ఎవరో ఒకరు భరింపవలెను. పెక్కు మోటారులలో ప్రొపెల్లరును ఇరుసునకు కలుపు చోట మెత్తని లోహపు చిన్న పిన్ను ఒకటి ఉండును. దెబ్బ తగులగానే అది తెగిపోవును, గేర్లు దక్కును. సీగల్‌లో ఆ పని ఒక స్ప్రింగు చేయును. పిన్ను మాటిమాటికి తెగుచున్నదని విసిగి దాని స్థానమున గట్టి ఉక్కు మేకును కొట్టువారున్నారు. మేకు తెగదు. బదులుగా గేరు పండ్లు ఊడును, లేదా ఇరుసు వంగును. కొలది ఖరీదు గల పిన్ను చేయు సేవ బలహీనతయే రూపముగా గలది. ఎంత విచిత్రము! బలమైనదెల్ల మేలైనదని నమ్మిన మనస్సునకు ఈ సంగతి వెంటనే ఎక్కదు. తెలిసినవాడు ఆ పిన్నులను రెండు మూడు పడవలో ఎల్లప్పుడు ఉంచుకొనును.

ఉప్పునీటిలో తిరిగిన మోటారునకు శత్రువు ఉప్పే. ఇంజనును చల్లబరచుటకు బయటి నీటినే పంపు పైకి నెట్టును. ఆ నీరు వెళ్ళిన దారిలో ఉప్పు పేరుకొని క్రమముగా దారిని మూయును. కనుక ప్రయాణము ముగిసిన పిమ్మట మంచినీటి పీపాలో మోటారును దించి కొంతసేపు నడుపుట నియమము. నీరు లేకుండ నడుపుట ఎన్నడును తగదు. ఇక అల్యూమినియమునందు బిగించిన ఉక్కు బోల్టులు ఉప్పుతో కలిసి, ఏండ్లు గడచుకొలది, ఒకటే లోహమైనట్లు పట్టుకొనును. వానిని విప్పుటకు బలము పనికిరాదు. చొచ్చుకొనిపోవు నూనె పోసి ఒక రాత్రి వదలి, మరునాడు కొంచెము వేడిచేసి, ఇటు పావు చుట్టు, అటు పావు చుట్టు కదల్చుచు రావలెను. తొందరపడి స్పానరు మీద బరువు మోపినవానికి బోల్టు తల చేతికి వచ్చును. మొండెము లోపలనే నిలిచిపోవును. ఆ తరువాత దానిని తొలిచి తీయుటకు పట్టుకాలము, ఓపికతో విప్పుటకు పట్టుకాలమునకు పది రెట్లు.

ఇంతవరకు చెప్పినదంతయు పాతదానిని కాపాడువాని పక్షము. కాని ధర్మ విచారమున ఎదుటి పక్షమును దాచుట తగదు. ఆ పక్షము బలమైనదే.

పాత టూ స్ట్రోక్ ఇంజనులో కాలిన వాయువు బయటకు పోవుచుండగనే కొత్త మిశ్రమము లోనికి వచ్చును. రెండు దారులును కొంతసేపు ఒకేసారి తెరచియుండును. అందుచే పోసిన ఇంధనములో కొంత, కొన్ని ఇంజనులలో నాలుగవ వంతు వరకు, కాలకయే బయటకు పోవును. పడవ మోటారులో అది నేరుగా నీటిలోనికే పోవును. పది పాళ్ళకు ఒక పాలు నూనె కలిపిన మోటారు వెనుక నీటి మీద ఇంద్రధనుస్సు రంగుల పొర తేలుట ఎవరైనను చూడవచ్చును. ఆ అందము చేపలకు అందము కాదు. అమెరికాలోని తాహో సరస్సు మీద కార్బురేటరుగల టూ స్ట్రోక్ మోటారులను పెక్కింటిని 1999లో నిషేధించిరి. ఐరోపాలోను, అమెరికాలోను పొగ, ఇంధన విసర్జనల మీద నియమములు కఠినమై, అట్టి కొత్త మోటారుల అమ్మకము ఆ దేశములలో క్రమముగా ముగిసినది. తాత చేతి మోటారని కాపాడుకొను మనుమడు తాతనాటి పొగను సైతము కాపాడుచున్నాడన్నమాట.

అయినచో పాత మోటారులనన్నింటిని ఇనుప సామానులవానికి వేయుటయే ధర్మమా? ఇచట తొందరపాటు తగదు. కొత్త మోటారును చేయుటకు అల్యూమినియము కరగవలెను, రాగి త్రవ్వవలెను, ఓడలలో తేవలెను. ఆ పొగ వేరొకచోట లేచును గాని లేవకపోదు. ఏడాదికి నాలుగు గంటలు ఒక చిన్న పడవను ఒడ్డునకు చేర్చు మోటారునకును, దినమెల్ల తిరుగు మోటారునకును ఒకే తీర్పు చెప్పరాదు. మంచినీరు త్రాగు సరస్సు మీద ఒకటి, ఆటుపోటుల సముద్రపు ముఖద్వారమున మరియొకటి. వాడుకయే ఇచట ప్రమాణము కావలెను. వస్తువు వయసు కాదు. త్రాగునీటి సరస్సు మీద పాత మోటారు నడుపువాని మమకారము ఎంత గాఢమైనను, దాని వెల ఇతరులు చెల్లించుచున్నారు గనుక, ఆ మోటారు అచట నుండి తొలగవలసినదే. ఇందు రాజీ లేదు. తక్కిన చోటుల కాపాడువానికి కొన్ని కర్తవ్యములు కలవు. కొన్ని నమూనాలలో కార్బురేటరు సూదిని మార్చి, నూనెను పదింట ఒకటి నుండి ఇరువదియైదింట ఒకటికి తగ్గింపవచ్చును. పెట్రోలు నీటిలో ఒలుకకుండ ఒడ్డుననే టాంకు నింపుకొనవచ్చును. గేరుబాక్సు నుండి తీసిన తెల్లని నూనెను రేవులో పారబోయక సీసాలో పట్టి అప్పగింపవచ్చును. ఇవి చేయక పాత యంత్రాభిమానమును గూర్చి ప్రసంగించుట వేషము.

శరణుల కథలలో ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అలవాటునకు మించి బియ్యము ఏరి తీసికొనిరాగా, భార్య లక్కమ్మ సంతోషింపక, ఎక్కువైనదానిని తిరిగి అచటనే పోసి రమ్మని చెప్పెను. సీగల్ వంటి మోటారు ఇచ్చు శక్తి స్వల్పము. పడవ నడకవేగముకన్న కొంచెము హెచ్చుగా పోవును, అంతే. వేగము కోరువాడు దానిని కొనడు. లక్కమ్మ అడిగినట్లు ‘ఎంత అవసరము’ అని అడిగినవానికి మాత్రము చిన్న నదిని దాటుటకు అది చాలును. ఈనాటి పెద్ద మోటారులు వందలకొలది అశ్వశక్తులు గలవి. వాని పొగ అశ్వశక్తికి తక్కువే కావచ్చును. కాని ఎక్కువైన బియ్యము లెక్క వానికిని వర్తించును.

కొత్త యంత్రముల విషయమున మరియొక చిక్కు వచ్చిపడినది. వానిలో నిప్పురవ్వ ఎప్పుడు రావలెనో చిన్న ఎలక్ట్రానిక్ పెట్టె నిర్ణయించును. ఆ పెట్టె చాలకాలము చెడదు. చెడినప్పుడు విప్పి చూచుటకు అందులో మనుష్యుని కంటికి తెలియునది ఏమియు ఉండదు. దానిని మార్చుటయే మార్గము. మార్చుటకు తయారుదారు అనుమతి, ఉపకరణము, విడిభాగము కావలెను. ఈ బాధ పడవ మోటారులకే పరిమితము కాదు; ట్రాక్టరు నుండి చేతిఫోను వరకు వ్యాపించినది. మరమ్మతు హక్కు అను మాట చట్టసభల వరకు పోయినది. భారత ప్రభుత్వ వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో మరమ్మతు హక్కు పేర ఒక పోర్టలును తెరచెను. ఐరోపా సమాజము 2024లో గృహోపకరణముల వంటివాని మరమ్మతునకై ఒక నిర్దేశమును ఆమోదించెను. చట్టము హక్కునీయగలదు; సాయంకాలము కూర్చుండి పాయింట్లు తుడుచు ఓపికను ఈయజాలదు. అటులనే, విప్పుటకు వీలులేని పెట్టెను చేసిన తయారుదారు, వాడుకరికి ఓపిక లేదని నిందించుటయు చెల్లదు. వాటర్‌మన్, ఎవిన్‌రూడ్‌ల నాటి యంత్రములు మంచి కాలమునకు చెందినవని కాదు. చూచి నేర్చుకొనుటకు వీలిచ్చినవని మాత్రము చెప్పవచ్చును.

ఇట్టి మోటారులను ఒకనికొకడు అప్పగించుకొను తీరు కూడ గమనింపదగినది. ఇచ్చువాడు మోటారుతో పాటు ముడివేసిన త్రాటిని, ప్లగ్గు విప్పు స్పానరును, స్ప్రింగు ఒకదానిని గుడ్డలో చుట్టి ఇచ్చును. దీని కార్బురేటరు మీటను చల్లని ఉదయమున రెండుసార్లు కాక మూడుసార్లు నొక్కవలెనని, ఎడమ మర కొంచెము వదులని, నోటిమాటగా చెప్పును. ఏ పుస్తకములోను లేని ఆ మాటలు లేనిచో సగము మోటారే చేతికి వచ్చినట్లు.

ఎంత కాపాడినను ప్రతి మోటారునకు ఒకనాడు అంతము కలదు. క్రాంక్‌కేసు పగిలినచో, లేక ఉప్పు తినివేసి గొట్టమునకు రంధ్రము పడినచో, దానిని నిలుపుట వృథా. అట్టి మోటారును తెలిసినవారు పారవేయరు. మాగ్నెటో ఒకని మోటారునకు, ఇత్తడి టాంకు మరియొకని మోటారునకు, గేర్లు ఇంకొకనికి పోవును. మిగిలిన అల్యూమినియమును తూకమునకు వేయుదురు. టాంకు మీది రంగు రాలిపోయినను, పాత యజమాని గీచిన పడవ పేరు దాని మీద అట్లే ఉండగా, దానిని పుచ్చుకొన్నవాడు తుడువకయే బిగించుకొని పోవుట పరిపాటి.